ఎడమ చెంప

“నలుగు పెట్టినా గంతేనా పిల్లా?” అంటూ మా అత్త ఈరవ్వ నా గడ్డం పట్టుకొని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. నేను జొన్నలు చెరుగుతున్నాను, చాట చేతిలోనే ఉంది. అంగట్లో ఎద్దు పండ్లు చూసినట్టు చూసి గడ్డం వదిలేసింది. “గీ మొఖం ఏసుకొని మరిది పెండ్లికి వస్తవా? పిల్ల తరపోళ్లు ఏమనుకుంటరు? పెండ్లినాటికి తేటగాకుంటే నువ్వు బర్రెల కాడ ఉండు” అంది. నేను చెరగడం ఆపలేదు. ఆపితే ఏడుస్తానని నాకు తెలుసు.

మరిది సీతారాం పెండ్లి ఎల్లారెడ్డిలో. మా అమ్మ ఉండేదీ ఎల్లారెడ్డిలోనే. కామారెడ్డికి కాపురానికి వచ్చి రెండేళ్లయింది, అమ్మను చూసీ రెండేళ్లే. పండగకు పంపమంటే చెరుకు గానుగ నడుస్తోందన్నారు, ఎండాకాలం పంపమంటే బర్రె ఈనేట్టుందన్నారు. బర్రె ఈనింది, దూడ పెద్దదయింది, నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. అమ్మకు ఈమధ్య కండ్లు సరిగా ఆనడం లేదని అటునుంచి వచ్చిన వాళ్లు చెప్పారు. ఇంకో ఏడాది పోతే నేను వెళ్లినా నా మొహం ఆమెకు కనిపించదేమో. ఈ పెండ్లి తప్పితే నాకు వేరే దారి లేదు.

మొహానికి ఏమైందంటే, చలికాలం మొదలయ్యాక ఎడమ చెంప కమిలినట్టు నల్లబడి పొట్టు లేస్తోంది. పోయినేడు కూడా ఇట్లాగే వచ్చి, ఎండలు ముదిరేసరికి దానంతటదే పోయింది. అందుకే ఇంటిల్లిపాదీ అది చలి పగులని తేల్చేశారు. అత్త శనగపిండిలో పసుపు కలిపి రోజూ రాయమంది. “ముత్తయిదువ మొఖానికి పసుపును మించింది లేదు” అని ఆమె మాట. ఆమె మొహం మీద పసుపు ఎప్పుడూ గోడకు పూసినంత మందంగా ఉంటుంది. నేనూ రాశాను. నుదురు తేటపడింది గానీ, చెంప భగ్గున మండింది.

పక్కింటి గంగాబాయి మద్నూర్ పిల్ల, సగం మరాఠీ, సగం మన మాట. ఆమె నవ్వి, “శనగపిండి జిడ్డు మొఖానికక్కా. నీది పొడి మొఖం. ఉన్న చమురంత గుంజుకపాయె. సాయ్ పెట్టు” అంది. సాయ్ అంటే మీగడ. అత్త చూడకుండా వేలితో తీసి మీగడ రాశాను. చెంప చల్లబడింది గానీ, నాలుగో రోజుకు నుదుటి మీద, రెండో చెంప మీద మొటిమలు లేచాయి. మొటిమలకు ముల్తానీ మట్టి మంచిదని ఇంకెవరో అన్నారు. బెల్లం వండిన పెనం గీకితే వచ్చే చెక్కలు ఇంటి ఆడవాళ్లవే గనక, రెండు చెక్కలు దుకాణం యాకూబన్నకిచ్చి మట్టి తెచ్చాను. మొటిమలు మాడిపోయాయి. నల్లబడ్డ చెంప మాత్రం ఎండిన వరిమడిలా పగిలింది. మళ్లీ వెళ్తే గ్లిజరిన్ సీసా ఇచ్చాడు. అది రాసుకొని గానుగ పొయ్యి దగ్గరికి పనికి పోతే బూడిదంతా వచ్చి మొహానికే అంటుకుంది. మా ఆయన సాయన్న చూసి, “బెల్లం పూసుకున్నవా ఏంది, ఈగలు ముసుర్తున్నయ్” అని గానుగ దగ్గరున్న నలుగురికీ వినబడేలా నవ్వాడు.

ఎవరి దగ్గరికి పోయినా ఒకటే ప్రశ్న. జిడ్డు మొఖమా, పొడి మొఖమా? నాకు దిక్కు తోచలేదు. ఈ ఇంట్లో ఎవరికి ఏ కూర పడదో నాకు తెలుసు, అత్తకు ఏ కాలు నొస్తుందో తెలుసు, ఏ బర్రె ఏ పూట పాలు ఎగబెడుతుందో తెలుసు. ఇరవై ఏళ్లుగా నా ఒంటి మీదున్న తోలు ఎలాంటిదో మాత్రం తెలియదు. నా గురించి ఇంత పట్టుబట్టి ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఒకరోజు పొద్దున్నే లేచి, నీళ్లు తగలకముందే తెల్ల గుడ్డతో మొహం తుడిచి చూశాను. కుడివైపు తుడిచిన చోట గుడ్డకు జిడ్డు, ఎడమవైపు తుడిచిన చోట పొట్టు. ఒక్క మెడ మీద ఇద్దరి మొహాలేమిటి? నా పుట్టుకలోనే ఏదో తేడా ఉందేమోనని భయం వేసింది. అమ్మనడిగితే చెబుతుంది. అమ్మ దగ్గరికి పోవాలంటే ముందు ఈ మొహం బాగుపడాలి.

పెండ్లి పన్నెండు రోజులుందనగా మళ్లీ యాకూబన్న దుకాణానికి వెళ్లాను. అక్కడ అప్పటికే పక్క గానుగ పోచవ్వ నిలబడి ఉంది, కొంగు మొహానికి అడ్డం పట్టుకొని. యాకూబన్న ఆమెనూ అదే అడుగుతున్నాడు, “జిడ్డా, పొడా? అది చెప్పకుంటె నేనేమియ్యాలె?”

“సగం గది, సగం గిది అన్నా” అంది పోచవ్వ సిగ్గుపడుతూ.

నేను ఆమె కొంగు పట్టుకొని పక్కకు లాగాను. నల్లగా, పొట్టు లేచి, అచ్చం నా చెంపే. కాకపోతే ఆమెది కుడి చెంప. ఇద్దరం ఎదురెదురుగా నిలబడితే అద్దంలో చూసుకున్నట్టుంది.

“పోచక్కా, బెల్లం వండేటప్పుడు పొయ్యిల చెరుకు పిప్పి ఎగదోసేది నువ్వేనా?”

“నేను గాక ఇంకెవరు?”

“మీ ఆయన పెనానికి ఎటు పక్క నిలవడ్తడు?”

పోచవ్వ చెయ్యెత్తి చూపించబోయి, సగంలోనే ఆపేసింది. ఆమెకూ తెలిసిపోయింది. పాకం చూసేది మగవాళ్లు. మంట పెంచాలన్నా తగ్గించాలన్నా నోటితో చెప్పరు, చేత్తో సైగ చేస్తారు. ఆ సైగ తప్పిపోకుండా పొయ్యి మూతి దగ్గర కూర్చున్న మేము పొద్దంతా మొహం వాళ్ల వైపే తిప్పి పెట్టుకోవాలి. మా ఆయన నిలబడే వైపు తిరిగితే నా ఎడమ చెంప మంటకు వస్తుంది. వాళ్లాయన నిలబడే వైపు తిరిగితే ఆమె కుడి చెంప వస్తుంది. గానుగ చలికాలమే నడుస్తుంది గనక అందరం చలి అనుకున్నాం. మా ఇద్దరిదీ జిడ్డూ కాదు, పొడీ కాదు, మంటకు కాలిన తోలు. గ్లిజరిన్ ఇంకో సీసా ఇవ్వమంటావా అని యాకూబన్న అడుగుతుంటే వినిపించుకోకుండా ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ చెప్పాను, “పెండ్లిదాకా నేను పొయ్యి కాడ కూసోను.”

మా ఆయన ముద్ద చేతిలోనే పట్టుకొని, “మరి మంట ఎవరు చూడాలె? మంట ఎచ్చుతక్కువైతె పాకం చెడ్తది. బెల్లం నల్లగైతె అంగట్ల ఎవడన్న చూస్తడా?” అన్నాడు.

“బెల్లం నల్లగైతె మంట అంటవు. నా మొఖం నల్లగైతె చలి అంటవు” అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

అత్త లేచింది. “ముప్పై ఏండ్లు ఎగదోసిన నేను. నాకేమన్న అయ్యిందా? రేపటికెల్లి నేనే కూసుంట. నువ్వు మహారాణి లెక్క ఇంట్ల ఉండు” అంది. గెలిచానో ఓడానో అర్థం కాలేదు. ముసలామెను మంట ముందుకు తోశానన్న బాధ ఒక పక్క, బర్రెల దగ్గర ఉండమన్నది ఈమే కదా అన్న కోపం ఒక పక్క.

మూడో రోజు అత్త పొద్దు గుంకకముందే ఇంటికి వచ్చింది. తలుపు దగ్గరికి వేసుకొని మొహం కడుక్కొని, పసుపు పూసుకొనే బయటికి రావడం ఆమె అలవాటు. ఆ రోజు తలుపు వేయలేదు. ముంగిట్లోనే కూర్చొని చెంబెడు నీళ్లు మొహాన గుమ్మరించుకుంది. పసుపంతా కారిపోయింది. ఈ రెండేళ్లలో పసుపు లేని అత్త మొహాన్ని చూడటం అదే మొదటిసారి. ఎడమ చెంప మీద అరచేయంత నల్లటి మచ్చ. మూడు రోజులది కాదు, ఏనాడో మొద్దుబారి తోలులో కలిసిపోయింది. దాని మీద కొత్త మంటకు ఎర్రగా కమిలింది.

“గిది ఎప్పటిదత్తా?”

“పుట్టుమచ్చ” అంది. చెంప తడుముకొని, “సాయన్న పుట్టకముందుది” అంది. ఇంకాసేపటికి, నా వైపు చూడకుండా, “ఆ మీగడ ఇంక ఉన్నదా పిల్లా?” అని అడిగింది.

దొంగచాటుగా తీసిన సంగతి ఆమెకు తెలుసన్నమాట. మీగడ తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఏ చెంప అని అడగలేదు. రాస్తుంటే కండ్లు మూసుకుంది. ఈమె మీద కోపం ఎటు పోయిందో వెతుక్కున్నాను, దొరకలేదు. జాలి పడదామంటే అదీ పూర్తిగా రాలేదు. “ఎల్లారెడ్డికి పోంగ బండ్ల నా పక్కకు కూసో” అంది, కండ్లు తెరవకుండానే.

మర్నాడు పొద్దున మా ఆయన ఎడ్లను విప్పుకొని వాకిట్లో నిలబడి కేకేశాడు, “ఇయ్యాల పొయ్యి కాడికి ఎవరొస్తున్నరు?”

నేను అత్త వైపు చూశాను. పసుపు లేని మొహంతో చాట ముందర పెట్టుకొని కూర్చుంది.

“ఎవ్వరం వస్తలేము” అన్నాను.

అత్త చాట ఎత్తి జొన్నలు చెరగడం మొదలుపెట్టింది.