మాటలకు విడిది

తెల్లారేసరికి సువర్చల ఇంటి ముందు పెళ్లిబస్సు ఆగి ఉంది. అందులోంచి ఇంగ్లీషు మాటలు దిగుతున్నాయి.

అక్షరక్రమంలో దిగుతున్నాయి కాబట్టి తోపులాట లేదు. అందరికంటే ముందు ఎబాండన్, అంటే 'వదిలివేయు', చేతిలో రేకుపెట్టెతో. ఆఖరి సీట్లో జీల్ ఇంకా గురక పెడుతోంది. దాని అర్థం ఉత్సాహమే, కానీ జెడ్‌లో పుట్టినవాళ్లకు తొందరేముంటుంది?

సువర్చల మొగుడు భానోజీ బెల్లం మార్కెట్లో గుమస్తా. నోట్లో బ్రష్షుతోనే గుమ్మంలోకి వస్తాడు.

"ఏటే, ఎవులే ఈలంతా?"

"నా పరీచ్చకొచ్చే మాటలండి."

"పరీచ్చకొచ్చే మాటలు పరీచ్చకెల్లాల గానీ మనింటికొచ్చీసినారేటి?"

న్యాయమైన ప్రశ్నే. ఎబాండన్ రేకుపెట్టె కింద పెట్టి, అందులోంచి సువర్చల కొనుక్కున్న ఇంగ్లీషు గైడు తీసి, నాలుగు మూలలా పసుపు చూపిస్తాడు.

"పసుపు పూసి పిలిచితివి. మేము వచ్చితిమి," అంటాడు. పుట్టినప్పటి నుంచీ అర్థాల పట్టికలో పెరిగినవాడు, అతని తెలుగు అలాగే ఉంటుంది.

సువర్చల నాలుక కరుచుకుంటుంది. కొత్త పుస్తకం కొంటే నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టడం ఆ ఇంటి అలవాటు. శుభలేఖకూ నాలుగు మూలలా పసుపే. పుస్తకం లోపలున్నవాళ్లకు ఏది ఏదో ఎలా తెలుస్తుంది? మూలలు పచ్చబడ్డాయి, సామాన్లు సర్దుకున్నారు.

"పెండ్లి ఎవరిది?"

"పెళ్లి కాదండి, పరీచ్చ."

మాటలన్నీ గుంపుగా తలలు దగ్గర పెట్టుకుంటాయి. కాసేపు గుసగుసలు. "ముహూర్తమెప్పుడు?" అంటాడు ఎబాండన్.

"పదింటికి."

"అయినచో పేరులో పనియేమి? విడిది చూపించుము."

పదిగంటలంటే సువర్చలకు భయం. ఇంటర్లో ఇంగ్లీషు పరీక్ష పదిగంటలకే ఉండేది. ఆ పూట, ఆ గంటకి ఆమె పీటల మీద ఉంది. మైకులో చదివింపులు ఘనంగా జరిగాయి, చదివించడం మాత్రం అక్కడితో ఆగిపోయింది. అంగన్‌వాడీలో పిల్లల ముక్కులు తుడుస్తూ ఇంటరూ, డిగ్రీ పేపర్లూ ఒక్కొక్కటే గట్టెక్కించింది. డిగ్రీలో ఇంగ్లీషొక్కటే మిగిలింది. ఇవాళే ఆఖరి అవకాశం. ఇది పోతే పాసైన పేపర్లూ దీంతోపాటే పోతాయి. డిగ్రీ ఉంటే వచ్చే సూపర్‌వైజరు కుర్చీ సంగతి అలా ఉంచండి, "డిగ్రీ చదివాను" అని నోరారా ఒక్కసారి అనుకునే యోగం కూడా ఉండదు.

అందుకే బట్టీ పట్టింది. ఇటుకల్లా వరసగా పేర్చి, కాల్చి, ఎర్రగా చేసి పెట్టుకుంది. మాట అడిగితే అర్థం, అర్థం అడిగితే మాట. మధ్యలో ఊపిరి అడక్కూడదు.

మాటలు లోపలికి వస్తున్నకొద్దీ హాలు పొడుగవుతుంది. భానోజీ ఫ్యాను స్విచ్చి వేయడానికి సైకిలు తీస్తాడు.

అలంకారాలు మాత్రం విడిగా ఆటోలో దిగుతాయి. నగలున్నవాళ్లు బస్సెక్కరు. హైపర్‌బోలి మావయ్య గుమ్మంలోనే, "అమ్మా, దాహం! దారిలో గోదావరి తాగీసినాను, నాలిక తడవనేదు," అంటాడు. ఐరనీ అత్తయ్య సువర్చల ఇచ్చిన బుల్లి గ్లాసు పైకెత్తి చూస్తుంది.

"అబ్బో, ఎంత పెద్ద గలాసే! ఇందల మునిగిపోతాననుకున్నాను. నీ చెయ్యి ఏటి ధారాళమే కోడలా!"

సిమిలీ కుర్చీలో కూర్చోడు. కుర్చీలాంటి దాని మీదైతేనే కూర్చుంటాడు. బక్కెట్టు బోర్లించి ఇస్తారు.

"మెటాఫర్ గారు రాలేదేటండి?" అని సువర్చల అడుగుతుంది.

"వచ్చి చాలాసేపైందమ్మా," అంటుంది భానోజీ కూర్చున్న కుర్చీ. భానోజీ మర్యాదగా లేచి నిలబడతాడు.

సువర్చల వంటింట్లోకి పరుగెడితే అక్కడ పదార్థాలు లేవు. బియ్యం డబ్బాలో పదాలు, పప్పు డబ్బాలో అర్థాలు విడివిడిగా ఉన్నాయి. ఎంత ఉడికించినా కలవడం లేదు. ఆమెకు అర్థం కాదు. అర్థాలు డబ్బానిండా ఉన్నాయి, అయినా అర్థం కాదు.

"భోజనము తరువాత," అంటాడు ఎబాండన్ వెనకనుంచి. "ముందు విడిది."

"ఇల్లంతా మీదేనండి. ఎక్కడైనా కూకోండి."

"మాటలు ఇంటిలో ఉండవమ్మా. వాక్యములో ఉండును."

సువర్చల ఊపిరి పీల్చుకుంటుంది. వాక్యాలే కదా! గైడులో ప్రతి మాట పక్కనా ఒకటి అచ్చువేసి ఉంది, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. తెరిచి చూపిస్తుంది.

మాటల మొహాలు ముడుచుకుంటాయి.

"అవి వచ్చినవారందరును దిగి పోయిన గదులు," అంటాడు ఎబాండన్. "నేనున్న వాక్యములో నావికుడొకడు ఓడను వదిలివేసినాడు. ఓడ మునిగి ఎన్నేండ్లయినదో! ఒకటే చెమ్మ. నాకు దగ్గు పట్టినది. నీ సొంత వాక్యము ఇమ్ము. లేనిచో అదే బస్సులో పోయెదము. విడిది దొరకని చోటికి మరల రాము, పరీక్ష హాలుకైనను రాము."

"ఓసోస్, ఇంతేనా?" అంటాడు భానోజీ. "ఇచ్చీయే, ఓటి పారీయే! రోజూ నాతోటి ఎన్ని అనవు?"

సువర్చల వెతుక్కుంటుంది. కొంగు విప్పి చూస్తుంది, పోపులపెట్టె మూత తీస్తుంది. 'కూకో, తిను, మూతి తుడుచుకో' అన్నవి దొరుకుతాయి, అవి అంగన్‌వాడీవి. 'ఆయనొచ్చే ఏలయింది' అన్నది అత్తగారిది, వాడివాడి అంచులు అరిగింది. 'మనకెందుకే' అమ్మది. అన్నీ శుభ్రంగా తోమి బోర్లించి ఉన్నాయి. ఒక్కదాని మీదా ఆమె పేరు చెక్కి లేదు.

ఈలోగా హాలు పొడుగై పొడుగై ఆ చివర పరీక్ష హాలవుతుంది. గోడమీద సున్నం రంగు మారుతుంది, బెంచీలు మొదలవుతాయి. "పద పద!" అంటాడు భానోజీ. పదాలన్నీ తమనే అనుకుని లేచి నిలబడతాయి. ఊరేగింపు కదులుతుంది.

ఇన్విజిలేటరు పల్చటి మనిషి, ఎండలో పెడితే ఇటునుంచి అటు కనిపిస్తుంది. వెనకున్న జనాన్ని చూసి గతుక్కుమంటాడు.

"ఏటమ్మా, కాపీయా?"

"కాదండి, సుట్టాలు."

"అయితే వరసగా నిలబెట్టండి. మాట్టాడకూడదు."

"మాటలండి, మాట్టాడకపోతే ఎలాగండి?"

ఆయన ఆలోచించి, "అయితే మెల్లగా," అంటాడు.

ప్రశ్నపత్రంలో ఒకే ప్రశ్న ఉంటుంది. మీ వెనుక నిలబడి ఉన్న పదములను సొంత వాక్యములో వాడుము. మార్కులు: అన్నీ.

తెల్లకాగితం తడి ఆరిన పెరడులా ఖాళీగా ఉంది. సువర్చల కలం పట్టుకుని కూర్చుంటుంది. భుజం మీద ఎవరో దగ్గుతారు. ఎబాండన్.

అతన్ని ఆమె మొదటిసారి చూస్తుంది. ఇంతకాలం అర్థం చూసింది, మొహం చూడలేదు.

"మిమ్మల్ని ఎవులొగ్గీసినారండి?" అంటుంది మెల్లగా.

అతని రేకుపెట్టె జారి కింద పడుతుంది.

"అడిగినవారు లేరమ్మా," అంటాడు. "అందరును గైడు కొందురు. మొదటి పుటలో మొదటి మాటను నేనే. నన్ను బట్టీ పట్టి, పుస్తకము మూసి, లేచిపోవుదురు. దేశములో నన్నెరుగనివారు లేరు. నా పక్కవాని వరకు వచ్చినవారును లేరు."

"నాను లేచిపోనేదండి," అంటుంది సువర్చల. గొంతు కాస్త పైకి లేస్తుంది. "పీటల మీదకని నన్ను లేపీసినారు. కలం మూత కూడా తియ్యనేదు నాను."

మాటలన్నీ ఆమె నోటివైపు చూస్తాయి. ఆ వాక్యం ఇంకెవరిదీ కాదు. అమ్మదీ కాదు, అత్తదీ కాదు.

ఆమె కాగితం మీద ఇంగ్లీషు 'ఐ' రాస్తుంది. నిటారుగా, పందిరిరాటలా. కలం కింద నేలలో అది దిగబడిన చప్పుడవుతుంది. కదిపి చూస్తుంది. కదలదు.

ఎబాండన్ పెట్టె ఎత్తుకుని రాట పక్కనుంచి లోపలికి అడుగుపెడతాడు. పక్కవాడు అతని వెనకే. ఆమె రాస్తూ ఉంటే దూలాలు వస్తాయి, వాసాలు వస్తాయి. కామాల దగ్గర కిటికీలు తెరుచుకుంటాయి. వ్యాకరణం అక్కడక్కడ కురుస్తుంది, కింద గిన్నె పెట్టి ముందుకు పోతుంది. తప్పుగా రాసిన అక్షరాలు కూడా చెప్పులు విప్పి లోపలికి పోతాయి. ఎవరూ ఆపరు. హైపర్‌బోలి మావయ్య మేడ మీది గది చూసి, "ఏముంది, మామూలు గదే!" అని మొదటిసారిగా ఉన్నది ఉన్నట్టు అంటాడు. ఐరనీ అత్తయ్య గోడలు తడిమి, మూలలు వెతికి, కళ్లు తుడుచుకుంటుంది.

"ఇల్లేటి బాగునేదే కోడలా," అంటుంది. "ఒక్క దినం కూడా ఉండను."

గంట కొడతారు. ఇన్విజిలేటరు కాగితం లాగుతాడు. రాదు. రెండు చేతులా లాగుతాడు. లోపలనుంచి ఎవరో గొళ్లెం పెడతారు.

"పేపరియ్యండమ్మా, టైమైపోనాది."

"లోపల జనాలున్నారండి."

ఆయన వంగి మార్జిను మీద తలుపు తట్టినట్టు తడతాడు. "ఎవులూ?" అని లోపలనుంచి కేక. ఆయన తన పేరూ, ఊరూ, ఇంటిపేరూ చెబుతాడు. తలుపు తెరుచుకుంటుంది. ఆయన చెప్పులు మార్జినులో విడిచి, తల కాస్త వంచి, లోపలికి వెళతాడు. కాసేపటికి విస్తరి పరిచిన చప్పుడు. "ఇంకొన్ని ఎయ్యండి మేస్టారూ," అని ఎవరో బతిమాలుతున్నారు. ఆయన మార్కులు వడ్డిస్తున్నాడు. "చాలు చాలు," అనేవాళ్లు ఒక్కరూ లేరు.

సువర్చల వేలికొసన ఫుల్‌స్టాప్ ఒక్కటి తడిగా మిగిలింది. చివర పెడదామంటే చివర కనిపించదు. దాన్ని వాక్యం బుగ్గన దిష్టిచుక్కలా అద్దుతుంది.

వాక్యం చక్కిలిగిలి పెట్టినట్టు కిసుక్కుమని, మేడతో, జనంతో, వడ్డనతో సహా బోర్లా తిరిగి, బెంచీ దిగి, చెప్పుల జత ఈడ్చుకుంటూ అంబాడుతూ వీధివైపు వెళుతుంది. సువర్చల చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, "ఆగమ్మా, ఆగు, బరువు సూడాల!" అంటూ అంగన్‌వాడీలో పసిపిల్లల్ని తూచే తూకం ఉయ్యాలతో దాని వెంట నడుస్తుంది.