సున్నాలు రాసిన డిస్కు

మార్కాపురంలో నా దుకాణానికి వచ్చే పాత కంప్యూటర్లలో సగం విండోస్ బరువు మోయలేక చతికిలబడినవే. వాటికి విండోస్ బదులు తేలికైన లినక్స్ ఎక్కించి ఇంటికి పంపేస్తే పని అయిపోయిందనుకునే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. అసలు పని ఆ తర్వాతే. తెలుగు టైపింగు పెట్టాలి, ఫోను నుంచి నెట్ కలపాలి, వీడియోలు ఆడేట్టు చూడాలి, కొత్త తెర చూసి బెదిరిన మనిషి పక్కన గంటసేపు కూర్చోవాలి. అందుకే ఎంత దూరమైనా నేనే వెళ్తాను. ఈ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉంది.

దొనకొండ దగ్గర రాధాకుమారి ఇంటికి అలాగే వెళ్లాను. అంతకు వారం ముందు ఆమె సీపీయూ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, ఒక్కతే బస్సులో దుకాణానికి వచ్చింది. అది పెద్దకూతురు ఝాన్సీ కంప్యూటర్. ఝాన్సీ జ్వరంతో పోయి ఏడాది కావస్తోంది. చిన్నకూతురు గోపిక గిద్దలూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అక్క సంవత్సరీకానికి ఆ పిల్ల ఇంటికొచ్చేసరికి కంప్యూటర్ బాగుచేయించి పెట్టాలని తల్లి తాపత్రయం.

"ఇందులో ఫొటోలు, కాగితాలు ఏమన్నా ఉండాయా పిన్నమ్మా? నేను మొత్తం చెరిపేస్తా" అని అడిగాను. అందరినీ అడుగుతాను.

"పిల్ల ఫొటోలు, మాట్లాడిన వీడియోలు ఇంట్లో భద్రంగా పెట్టినా నాయనా. దీంట్లో ఏం లేవు" అంది.

పెన్‌డ్రైవులో తీసిపెట్టుకుందనుకున్నాను. డిస్కు బాగా పాతది. అలాంటి డిస్కుకు మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాసి, ఎక్కడైనా చెడిందేమో చూసుకుని గానీ నేను లినక్స్ ఎక్కించను. ఊళ్లో ఇంకెవరికీ అంత ఓపిక లేదు. సున్నాలు రాశాక పాతవి వెనక్కి తీయడం మాత్రం ఎవరి తరమూ కాదు.

నేను వెళ్లేసరికి ఆమె భర్త మాలకొండయ్య గొర్రెల్ని తోలుకుని దోర్నాల వైపు పోయి ఉన్నాడు. ఇంట్లో తల్లీకూతుళ్లే. మానిటర్ మంచం మీద పాత చీరలో చుట్టి ఉంది. రాధాకుమారి మడతలు విప్పి తనే తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను వైర్లు తగిలించాను, అప్‌డేట్లు చేశాను, తెలుగు కీబోర్డు పెట్టాను. గోపిక చురుకైన పిల్ల. ఒకసారి చూపించగానే అక్క పేరు టైపు చేసింది. వీడియోలకు కావలసినవి కూడా ఎక్కించాను.

రాధాకుమారి పీట లాక్కుని కూర్చుంది.

"ఇంక పిల్లను చూపించు నాయనా. ఎల్లుండే సంవత్సరీకం. ఒక ఫొటో పెద్దది చేయించి దండ వేయాల. ముందు వీడియో పెట్టు. దాని గొంతు ఇని చానా దినాలాయె."

"పెన్‌డ్రైవు ఇయ్యి పిన్నమ్మా."

"అదేంది?" అని ఆమె మానిటర్ మీద అరచెయ్యి వేసింది. "దీంట్లోనే గదా ఉండేది. బస్సు కుదుపులకు పగులుతాదని నేను దీన్ని తేలా."

గోపికకు నాకంటే ముందే అర్థమైంది. గొంతు తగ్గించి, "అన్నా, డిస్కు?" అంది. చెరిపేశానని తల ఊపాను.

"ఫోన్లో లేవా?" అని అడిగాను.

"ఫోను నిండిపోయిందని అక్క అన్నీ కంప్యూటర్లోకి మార్చింది. ఆ ఫోను నాయన గొర్రెల ఎంబడి తీసకపోయి వానలో పాడుచేసినాడు."

ఆ తల్లి తెర వంకే చూస్తోంది. నేను చేసిన పని ఆమె ముఖం మీద చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సిగ్గులేని అబద్ధం ఒకటి నోట్లోంచి ఊడిపడింది.

"మానిటర్ పాతబడింది పిన్నమ్మా. తెర వెలుగుతాంది గానీ లోపల దాచినవి పోయినాయి."

ఆమె మెల్లగా గోపిక వైపు తిరిగింది.

"పొద్దున తడిగుడ్డతో తుడిచినావు గదే."

గోపిక బిత్తరపోయింది.

"వద్దంటే ఇన్యావా? నీళ్లు దిగి పోయినాయి. ఉన్న ఒక్క ఆనవాలునూ చంపినావు."

పిల్ల నా వైపు చూసింది. ఆ చూపు భరించలేక నిజం చెప్పాను. "గోపిక తప్పేం లేదు పిన్నమ్మా. ఫొటోలు ఈ తెరలో ఉండవు, డబ్బాలో ఉంటాయి. నేనే చెరిపేసినా. నాదే తప్పు."

రాధాకుమారి డబ్బా వంక చూసింది. మళ్లీ తన ఒడి వంక చూసుకుంది.

"డబ్బాలోనా? నేను ఒళ్లో పెట్టుకోని తెచ్చి ఇస్తినే. ఏం లేవని నేనే చెప్తినే" అంది. ఆ మాట ఇంకో అడుగు ముందుకు పోయి, తానే పోగొట్టుకున్నానని తేలితే ఆ మనిషి బతకదని నాకు కూడా తెలుస్తోంది.

"అన్న నన్ను కాపాడాలని అట్ల అంటాండాడమ్మా" అంది గోపిక. "డబ్బాలో ఏముంటాయి? నేనే తుడిచినా. గుడ్డ పిండకుండా తుడిచినా."

రాధాకుమారి లేచి చెయ్యెత్తింది. గోపిక తల దించుకుని అక్కడే నిలబడింది. దెబ్బలు పడుతున్నా పక్కకు తప్పుకోలేదు. నేను రెండోసారి నిజం చెప్పలేదు.