నీళ్లు గుంజుకుపోయిన నేల

ఎండలు ముదరగానే యాన్ సారు కుటుంబం ఏటా తమ హాలండు దేశంలోని ఒక చిన్న దీవికి పోయేది. కారు కూడా తిరగని దీవి అట. సముద్రం వెనక్కి పోయినప్పుడు పిల్లలూ పెద్దలూ చెప్పులు విడిచి, బయటపడిన బురదనేల మీద నడుస్తారట. ఈ ఏడు సారుకు సెలవు దొరకలేదు. పిల్లలిద్దరూ తిండి ముట్టకుండా అలిగారు. చివరికి సారు భార్య మార్గ్రీట్ మేడమే, "దీవులు ఇక్కడ మాత్రం లేవా?" అంది.

అట్లా ఒక శుక్రవారం పొద్దున్నే బహ్రెయిన్‌లోని సిత్రా రేవులో చేపల పడవ మాట్లాడుకుని అందరూ ఒక ఇసుకదిబ్బ మీద దిగారు. పడవవాడు సాయంత్రం వస్తానని వెళ్లిపోయాడు. మహూజ్‌లో సారు ఇంట తోటపని చేసే పోశెట్టి, వంటపని చూసే అతని భార్య కళ కూడా వెంట వచ్చారు. కళ బహ్రెయిన్‌కు వచ్చి ఏడాది కాలేదు. అంతకుముందు మొగుడు రెండేళ్లకోసారి ఊరికి చుట్టంలా వచ్చి పోయినవాడే.

గుడారం వేశాక మేడం కళను పని ముట్టనివ్వలేదు. నీకూ సెలవేనంటూ కుర్చీలో కూర్చోబెట్టింది. కూర్చుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో కళకు తోచలేదు. మేడం మాత్రం దేనికైనా "యాన్! యాన్!" అని మొగుణ్ణి కేకేస్తూనే ఉంది. కళ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏందే, నీలో నువ్వే నవ్వుతున్నవ్?" అన్నాడు పోశెట్టి.

"దూడను పిలిచినట్టు పిలుస్తున్నది మొగుణ్ణి. నోరన్న నొయ్యదా?"

"నువ్వు సుత ఓపాలి పిలువరాదు?"

"ఊకో. నెత్తి నెరుస్తున్నది, సిగ్గు లేదు."

పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడితే ఆ పేరు ఒకసారి గొణిగింది, అంతే. మొగుని పేరు తీస్తే అతని ఆయుష్షు తరుగుతుందని అత్త అనేది. ఇన్నేళ్లూ కళకు అతను "ఇగో", "ఇన్నవా"నే.

మధ్యాహ్నానికి సముద్రం గుంజుకుపోయింది. సారు పిల్లలను బురదలో నడిపించి తెచ్చాడు. దిబ్బ అంచున, నీళ్లు పారిన పల్లం పక్కన ఒక కర్ర పాతి, నీళ్లు దాన్ని ముడితే అందరూ పైకి వచ్చేయాలని ఇంగ్లీషులో చెప్పాడు. "యెస్ సార్" అన్నాడు పోశెట్టి. సారు ఏం చెప్పినా ముందు ఆ మాట అనేవాడు. అర్థం చేసుకోవడం తరువాత సంగతి.

అతనికి తెలిసిన నీళ్లు చెరువు నీళ్లు. ఎండకు చెరువు వెనక్కి పోతే బయటపడ్డ శిఖం నేలలో దోస పెడతారు. కాయ తెంపి, తీగ ఎండేదాకా నీళ్లు మళ్లీ రావు. పోయిన నీళ్లకు తొందరేముంటుంది? అతను ఆ నేల మీద రైతులాగే నడిచాడు. వంగి మన్ను పిసికాడు, నాలుకకు తాకించి ఉమ్మేశాడు. చూస్తూ చూస్తూ కాకంత అయ్యేదాకా పోయాడు.

సారు గుడారంలో కునుకు తీస్తున్నాడు. మేడం పిల్లలతో దిబ్బకు అవతలి వైపు ఉంది. కళ ఊరికే కర్ర వైపు చూసింది. కర్ర నీళ్లలో ఉంది. అల లేదు, చప్పుడు లేదు. పల్లం నిండిపోయి, మొగుడికీ తనకూ మధ్య తళతళ మెరుస్తోంది. పోశెట్టి వీపు ఇటే ఉంది.

"ఇగో! ఓ! ఇన్నవా!"

పక్షులు లేచాయి కాని మనిషి తిరగలేదు. ఇగో అంటే ఎవరు తిరుగుతారు?  కళ్లు మూసుకుని అరిచింది.

"పోశెట్టీ!"

మళ్లీ, ఈసారి గొంతు చిరిగేలా.

అతను విన్నాడు. వంగినవాడు లేచి నిలబడ్డాడు, తల కాస్త పక్కకు వాల్చాడు. తిరగలేదు. చేతులు వేలాడేసి, దేవుని ముందు నిలబడ్డట్టు నిలబడిపోయాడు. నీళ్లు మడమలు ముట్టినా కదలలేదు.

అత్త మాట నిజమైంది, నా నోటితో నేనే తెచ్చుకున్నాననుకుంది కళ. చీర ఎగదోపి నీళ్లలోకి దిగింది. దిగుతూ, సారు అనడం కూడా మరిచి, "యాన్! యాన్!" అని మొత్తుకుంది.

సారు గుడారం గుంజ పీక్కుని ఉత్త కాళ్లతో ఉరికొచ్చాడు. నడుము లోతులో కళను వెనక్కి నెట్టి, తాను పల్లం ఈది, పోశెట్టి భుజం పట్టి లాగాడు. ఇద్దరూ గుంజకు చెరో కొసా పట్టుకుని, గొంతు దాకా మునుగుతూ, వాలుగా కొట్టుకుపోతూ దిబ్బ దూరపు కొసన తేలారు. సారు తన భాషలో చాలాసేపు తిట్టాడు. తరువాత తువ్వాలు తెచ్చి పోశెట్టి వీపు మీద వేసి పోయాడు.

"చెవుల సీసం పోసుకున్నవా? గంత మొత్తుకుంటే తిరుగవా?" అంది కళ.

పోశెట్టి ఇసుకలోకి చూస్తూ, "పిలిచింది నువ్వేనా?" అన్నాడు.

"ఇంకెవ్వలు? ఈడ మన మాట ఇంకెవ్వలికి వస్తది?"

"ఆడగొంతు... పేరు వెట్టి... గట్ల మా అవ్వ ఒక్కతే పిలిచేది." పిడికెడు ఇసుక తీసి వదిలాడు. "ఈడ లడాయి నడుస్తున్నప్పుడే ఊర్ల పాయె. ఇమానాలు లెవ్వు. మొఖం సూడలే. అవ్వనే అనుకున్న. తిరుగుతే పోతదని తిరుగలే."

కళ కొంగు పిండింది. అత్త నోట్లో ఆఖరి నీళ్లు పోసింది తనే. ఆ పూట సంగతి ఇతను ఏనాడూ అడగలేదు, తనూ చెప్పలేదు.

"ఆఖరుకు నిన్నే పిలిచింది," అంది మెల్లగా.

"ఏమని?"

కళ మేడం వైపు ఒకసారి చూసింది. ఆమె పిల్లలకు బట్టలు మారుస్తోంది.

"పోశెట్టీ, యాడున్నవ్‌రా, పొద్దుగూకింది, ఇంటికి రా బిడ్డా," అంది, అత్త సాగదీసినట్టే సాగదీస్తూ.

పోశెట్టి తల ఊపాడు. "ఆఁ. గట్లనే పిలిచేది."

తువ్వాలు ముఖానికి కప్పుకున్నాడు. కళ అతని పక్కనే, తడిచీరతో, ఇసుకలో కూర్చుంది.