ఎడమవైపు మూట

ఆ బుధవారం పొద్దున్న పోస్ట్‌మాన్ రెండు తెచ్చాడు. ఒకటి మద్రాసు నుంచి చిన్న పార్సెలు, రెండోది రామతులసి పేరు మీద టైపు కొట్టిన పొడుగాటి కవరు. తులసి చేతులు దోసెల పిండిలో ఉన్నాయి. భావనారాయణ వెళ్లి రెండింటికీ సంతకం పెట్టి, కవరుని గడియారం కింద గూట్లో పెట్టి, పార్సెలు దారం పళ్లతో తెంపాడు.

"తులసీ, ఇలా రా. ఏమొచ్చాయో చూడు" అన్నాడు.

అతని అరచేతిలో నూనె కాగితం మీద మూడు ఇనప చుట్లున్నాయి. పిస్టన్ రింగులు. అయిదు నెలల క్రితం పెళ్లిపీటల మీద తన వేలికి ఉంగరం తొడిగినప్పుడు ఈ మనిషి ముఖం ఇందులో సగం కూడా వెలగలేదని తులసికి ఒట్టేసి చెప్పాలనిపించింది. "బావున్నాయండీ" అని, చెయ్యి కడుక్కుని తన కవరు తనే తీసుకుంది.

గవర్నర్‌పేటలో ఆడపిల్లల హైస్కూలు నుంచి వచ్చింది. సైన్సు అసిస్టెంటుగా తీసుకున్నారు. తన పేరు పక్కన బి.ఎస్సీ. అని చుక్కలతో సహా కొట్టారు. ఆ చుక్కలు చూసి ఆమెకి ఎంత సంతోషం వేసిందంటే, వంటింట్లోకి వెళ్లి పోపుడబ్బా పక్కన నిలబడి మళ్లీ ఒకసారి చదువుకుంది. మొదటి దోసె మాడింది. ఆ మాడిన దోసె కూడా ఆమెకి ముద్దుగానే కనిపించింది.

"నిజంగానా? భేషుగ్గా ఉంది తులసీ" అన్నాడు భావనారాయణ. మనస్ఫూర్తిగానే అన్నాడు. అని, "ఆ కిరసనాయిలు గిన్నె ఇలా అందించు" అన్నాడు.

సవతి అంటూ ఈ ఇంట్లో ఎవరైనా ఉంటే అది వరండాలో స్టాండు వేసి నిలబడి ఉంది. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత మోటారు సైకిలు. మావగారు సాంబమూర్తిగారు దాన్ని కొని, పెడనకీ మంగళగిరికీ తిరిగి, నేతగాళ్లకి నూలిచ్చి చీరలు తెచ్చి వన్ టౌన్‌లో కొట్టు నిలబెట్టారు. ఆయన పోయాక కొట్టూ బండీ కొడుక్కి వచ్చాయి. భవానీపురంలో ఆ బండి చప్పుడు తెలియనివాళ్లు లేరు. భావనారాయణ పొద్దున్నే లేచి ముందు దాని ట్యాంకు మీద చెయ్యి వేసేవాడు, తర్వాతే కాఫీ. తులసి ఏదైనా చెబుతుంటే "ఊఁ, ఊఁ" అంటూ ఉండేవాడు గాని, బండిలో కొత్తగా టిక్కుమని చిన్న చప్పుడు వచ్చిందంటే చాలు, చెవి ఒగ్గి, కళ్లు మూసుకుని, "ఇందాక లేదే ఇది" అనేవాడు. తన గొంతు వారం రోజులు జలుబుతో బొంగురు పోయినప్పుడు మాత్రం ఆ మార్పు ఈ మనిషి చెవికి ఎక్కలేదు. ప్లగ్గు మీద మసి పడితే గరుకు కాగితంతో ఎంత ఓపిగ్గా రుద్దుతాడో, కార్బొరేటర్‌లో చెత్త చేరితే పసిపిల్ల కంట్లో నలక తీసినట్టు ఎలా ఊదుతాడో చూసినప్పుడల్లా ఆమెకి నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. అలా ఊదేటప్పుడు అతని పెదవులు గుండ్రంగా భలే ఉండేవి కూడా. అదింకా మంట.

పోనీ, ఆ సవతికి సేవ చేసేది ఎవరంటే అదీ తనే. చైను నానబెట్టిన కిరసనాయిలు వాసన గిన్నెలు తనే తోమాలి. గ్రీజు చొక్కాలు తనే ఉతకాలి. సాయంత్రం అతను కొట్టు నుంచి వచ్చాక బండికి నీళ్లు కొట్టి, చక్రాల మధ్య మట్టి పుల్లతో గీకి తీసి ఉంచాలి. "మన బండి" అనేవాడు. కడిగేటప్పుడు మన బండి. ఎక్కేటప్పుడు మాత్రం వెనక సీటు ఎప్పుడూ ఖాళీ. దాని మీద తులసి ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఆ సీటు మూట కోసం ఖాళీగా ఉంచాడన్నా సరే అనుకునేది. మూట కూడా ఆ సీటు మీద ఉండదు. అమ్మకానికి పోయే గుడ్డ, మనిషి కూర్చునే చోట పెట్టకూడదని ఈ ఇంటి పద్ధతి. కుడిపక్క సైలెన్సరు కాలుతుంది. అందుకని నూలైనా చీరలైనా మావగారి కాలం నుంచీ ఎడమపక్క క్యారియరుకే వేలాడతాయి. మూట ఎడమన, మనిషి ముందు, సీటు మహారాణిలా ఖాళీ.

దోసె తింటున్న భర్తకి తులసి ఉత్తరం చివరి వాక్యాలు చదివి వినిపించింది. సోమవారం చేరాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తేవాలి, లేకపోతే జాబితాలో తర్వాతి పేరుకి అవకాశం ఇస్తారు. ఆ కాగితాలు ఆమె హాస్టల్లో ఉండి చదువుకున్న బందరు కాలేజీలో ఉన్నాయి. పెళ్లి హడావుడిలో తెచ్చుకోలేదు. తనే వెళ్లి సంతకం చేసి తీసుకోవాలి.

"మీరు శుక్రవారం పెడన వెళ్తారుగా. పక్కనే బందరు. నన్నూ తీసుకెళ్లండి."

"బండి మీదా?" అతను నిజంగానే కంగారుపడ్డాడు. "పామర్రు చేరేసరికి నా చేతులు తిమ్మిరెక్కి నావి కాకుండా పోతున్నాయి తులసీ. పైగా ఎడమకి లాగుతోంది. నేనొక్కణ్ణే పట్టుకోలేకపోతున్నాను. నువ్వు కూడా ఎక్కితే కాలవలోకే పోతాం. అమ్మని తోడు తీసుకుని బస్సులో వెళ్లు."

వసారాలో ఒత్తులు చేసుకుంటున్న సుబ్బరత్నంగారు తల ఎత్తలేదు. "నా మోకాళ్లతో బస్సు మెట్లెక్కమంటావా నాయనా? కొత్త కోడలు ఒక్కతే బస్సెక్కడం ఈ ఇంట్లో లేదు. వచ్చే యేడు చూసుకోవచ్చులే అమ్మాయ్, బడి ఎక్కడికీ పోదు."

"బడి పోదు అత్తయ్యా, ఉద్యోగం పోతుంది" అంది తులసి. భావనారాయణ రింగుల్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూసుకుంటున్నాడు. "ఇవి వేయిస్తే అదురు పోతుంది. పోతే చూద్దాం" అన్నాడు. అంటే తన ఉద్యోగం ఇప్పుడు ఆ మూడు చుట్ల చేతుల్లో ఉంది.

ఆ సాయంత్రం బండి కడుగుతుంటే తులసి చేతికి ఏదో మెత్తగా తగిలింది. హ్యాండిల్ రెండు పిడులకీ కొత్తగా గుడ్డ చుట్టి, పురికొసతో బిగించి ఉంది. నిమ్మపండు రంగు, సన్నటి తెల్ల గళ్లు. ఆమె చేతిలో చెంబు కింద పడింది. అది తన ఓణీ. చీరాలలో నాన్న తన మగ్గం మీద, కాలేజీ మొదటిరోజుకి కట్టుకుంటుందని నేసిన ఓణీ.

"ట్రంకుపెట్టెలో పైనే ఉంది" అన్నారు సుబ్బరత్నంగారు. "మెత్తని నూలు. పిల్లాడి చేతులకి హాయిగా ఉంటుందని నేనే ఇచ్చాను. పెళ్లయినదానికి ఓణీ ఎందుకు?"

"నీదని నాకు తెలీదు తులసీ. పాత గుడ్డ అనుకున్నాను" అన్నాడు అతను. తెలిస్తే అడిగేవాడేమో. ఆ "ఏమో" ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. అయిదు నెలల్లో అతని వేళ్లు తన వేళ్లని పట్టుకున్న సమయం అంతా కలిపినా, ఈ ఒక్క రోజులో ఆ పిడులు తన ఓణీని పట్టుకున్నంత ఉండదనిపించింది. అసూయకి కూడా ఒక హద్దుండాలి, ఇనప ముక్క మీద అసూయేమిటే అని తనని తనే తిట్టుకుంది. తిట్టుకుంటూనే పురికొస విప్పి, ఓణీ ఊడదీసి, సబ్బు పెట్టి గ్రీజు పోయేదాకా రుద్ది తీగ మీద ఆరేసింది.

గురువారం పొద్దున్న బసవయ్య వచ్చాడు. వన్ టౌన్‌లో షెడ్డు ఉన్న పెద్ద మేస్త్రీ, మావగారి రోజుల నుంచీ ఈ బండికి ఆయనే వైద్యుడు. వరండాలో గోనె పరచి ఇంజను విప్పారు. ఏ స్పానరు అందించాలో ఈ అయిదు నెలల్లో తులసికి అడక్కుండానే తెలిసిపోయింది. మధ్యాహ్నానికి రింగులు పడ్డాయి. భావనారాయణ కిక్కు కొట్టి, ఒంటరిగా అమ్మవారి కొండ కింద దాకా వెళ్లి వచ్చాడు. ముఖం మతాబాలా ఉంది. "వెన్నలా పోతోంది మేస్త్రీ. చేతుల్లో అదురే లేదు." తులసి మనసు బందరు రోడ్డు మీదికి ఉరికింది.

పెడనకి ఇవ్వాల్సిన నూలు మూట ఎప్పటిలాగే ఎడమకి కట్టి ఇంకోసారి వెళ్లొచ్చాడు. ఈసారి దిగి అరచేతులు రుద్దుకుంటూ మెట్ల మీద కూలబడ్డాడు. "మళ్లీ మొదలు. రేపు పెడన లేదు" అన్నాడు. బసవయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుని, "ఇంజనుకి వయసైపోయింది బాబూ" అన్నాడు.

మగాళ్లిద్దరూ ఇంజను వంక చూస్తున్నారు. తులసి వెనక చక్రం వంక చూసింది. రోజూ గీకేది తనే కాబట్టి ఆ చక్రం సంగతి ఆమెకి తెలుసు. టైరు ఎడమ అంచు అరిగి నున్నగా ఉంటుంది, కుడి అంచుకి గళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి. ఎడమవైపు స్ప్రింగు ఎప్పుడూ కూర్చుండిపోయి ఉంటుంది. క్యారియరుని పట్టుకున్న ఎడమ నట్టు మూడు రోజులకోసారి చేత్తో తిప్పినా తిరిగిపోతుంది. ఎన్నోసార్లు తనే వేళ్లతో బిగించి ఊరుకుంది. నాన్న మగ్గం అదిరినప్పుడు నేత కొట్టే పలకని తిట్టేవాడు కాదు, పడుగు దారాలు రెండు పక్కలా సమంగా బిగిశాయా లేదా అని ముందు చూసేవాడు.

"ఏవండీ, మూట లేకుండా వెన్నలా పోయింది. మూట కట్టాక అదిరింది. మధ్యలో మారింది ఇంజను కాదుగా" అంది.

భావనారాయణ ఆమెని చూశాడు. చెవి ఒగ్గి, కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. టిక్కుమన్న చప్పుడు విన్నప్పుడు చూసినట్టే. అయిదు నెలలుగా ఆ చూపు కోసమే తను కాచుకుని ఉన్నానని అప్పుడు తెలిసి, తులసికి చెవులు వేడెక్కాయి. టైరూ, స్ప్రింగూ, నట్టూ ఒక్కొక్కటే వేలితో చూపించింది.

బసవయ్య గొంతుక్కూర్చుని నట్టుని చేత్తో తిప్పాడు. తిరిగింది. క్యారియరు కింద కమ్మీ పట్టుకుని ఊపాడు, ఊగింది. "పాతికేళ్ల నుంచి చేస్తున్నా" అన్నాడు చివరికి. "బండి నా షెడ్డుకి ఎప్పుడూ మూట దింపేసే వచ్చేది బాబూ. అమ్మగారు చెప్పింది రైటు. ఒంటి పక్క బరువుకి వెనక చట్రం మెలి తిరిగి వదులవుతోంది. ఆ వణుకంతా మీ చేతుల్లోకి ఎక్కుతోంది."

"మూట రెండు చేసి రెండు పక్కలా కడితే?" అంది తులసి. "సైలెన్సరుకి తగలకుండా మధ్యన రేకు అడ్డం పెట్టొచ్చుగా?"

పాత నూనె డబ్బా చీల్చి రేకు కొట్టడానికి బసవయ్యకి అరగంట పట్టింది. నట్లన్నీ బిగించి, రెండు సమానమైన మూటలు కట్టారు. భావనారాయణ బండి ఎక్కి, కిక్కు కొట్టి, ఒక్క క్షణం ఆగి, "ఎక్కు" అన్నాడు.

తులసి ఎక్కింది. కృష్ణ ఒడ్డు వెంట మైలు దూరం పోయి వచ్చారు. గాలికి కొంగు చెంప మీద కొట్టింది, రేకు సన్నగా పాడింది, నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. "తిమ్మిరి లేదు తులసీ" అని అతను రెండుసార్లు వెనక్కి అరిచాడు. తిరిగి వచ్చేసరికి సుబ్బరత్నంగారు గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇప్పుడు పడతాయి చీవాట్లు అనుకుంది తులసి.

ఆవిడ సీటు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా నొక్కి చూశారు.

"మెత్తగానే ఉంది" అన్నారు. "మీ మావయ్య నన్ను ఒక్కసారీ ఎక్కించుకోలేదు. మూట లాగుతుంది, ఇద్దరైతే పడిపోతాం అనేవారు. పాతికేళ్లు ఈ గేటు దగ్గర నిలబడి చూశాను, ఖాళీ సీటు వీధి మలుపు తిరిగేదాకా." ఇంకేదో అనబోయి, తీగ మీద ఆరిన ఓణీ చూశారు. వెళ్లి తీసి, మడత పెట్టి, కోడలి చేతిలో పెట్టారు. "అడగకుండా ఇచ్చాను. పెట్టెలో దాచుకో."

తులసి ఓణీని ఒకసారి ముఖానికి ఆనించుకుంది. సబ్బు వాసన కింద ఇంకా కాస్త గ్రీజు వాసన ఉంది. ఆమె బండి ముందుకి వెళ్లి, కుడి పిడికి ఒక కొస అదిమిపట్టి, నాన్న నేసిన గళ్లు ఒకదాని మీద ఒకటి పడేలా బిగించి చుట్టడం మొదలుపెట్టింది.

"అదేమిటి తులసీ? అదురు పోయిందిగా, నాకిక అక్కర్లేదు" అన్నాడు భావనారాయణ.

"మీ చేతులకి కాదండీ." ఆమె పురికొస ముడి వేసి, పళ్లతో తెంపింది. "రేపు పొద్దున్న ఆరింటికి బయల్దేరదాం. పామర్రు దాకా మీరు నడపండి. అక్కణ్ణుంచి రోడ్డు ఖాళీగా ఉంటుంది. మీరు వెనక కూర్చుని నేర్పుదురుగాని, నేను నడుపుతాను."