ఉప్పలమ్మ మోచెయ్యి

పొద్దున ఎనిమిదింటికల్లా తార్నాక నుంచి నడిచొచ్చి, యూనివర్సిటీ ల్యాబు తాళం తీసి, బంగాళాఖాతాన్ని తుడవడం ఉప్పలమ్మ డ్యూటీ. బంగాళాఖాతంలో తేలుతూ నీళ్ల వేడి కొలిచే పసుపుపచ్చ బోయా ఒకటి రిపేరుకొచ్చి ఆ మూలన పడుంది. ఏడాదైనా ఆరదే. ఉప్పునీళ్లు కారుతూనే ఉంటాయి. కింద పెట్టిన టబ్బు పున్నమికి పొర్లుతుంది, ఒక్కోసారి రొయ్యలు కూడా పడతాయి. ఆ రొయ్యలు ఉప్పలమ్మవేనని ఆఫీసంతా ఒప్పుకున్నారు.

ఆ కార్తీకంలో తుఫాను లేచింది. ఉప్పలమ్మ కూతురు రజిని బందరు అవతల సముద్రం ఒడ్డునే నర్సు. తొమ్మిదో నెల పడింది, ఆదివారం పురిటికి రావాలి.

"ఇప్పుడే వచ్చెయ్ బిడ్డా," అంది ఉప్పలమ్మ ఫోన్లో.

"బలం తగ్గుతదని రేడియోల చెప్తున్నరమ్మా. ఊరోళ్లెవరూ కదుల్తలేరు."

ఉప్పలమ్మకు మనసు మనసులో లేదు. ఒకప్పుడు తార్నాక గల్లీల్లో పసిపిల్లలకు నీళ్లు పోసిన మనిషి, వేడి చూసే అలవాటు చొప్పున టబ్బులో మోచెయ్యి ముంచింది. ముంచి, తిన్నగా సైంటిస్టు శిరీష దగ్గరికెళ్లింది.

"మేడమ్, నీళ్లు పైన సల్లగున్నయి. అడుగున మస్తు వేడున్నయి."

శిరీష మొహం మారిపోయింది. పైనీళ్లు చల్లబడ్డాయనే కదా అందరి ధీమా. అడుగున వేడుంటే తుఫాను దాన్ని పైకి చిలికి తాగి బలుస్తుంది. థర్మామీటరు దించి చూసింది. ఉప్పలమ్మ మాటే నిజం.

"ఎక్కడ కొలిచామని రాయను ఉప్పలమ్మా?"

"టబ్బులనే అని రాయుండ్రి. అబద్ధమెందుకు?"

శిరీష పంపిన ఫ్యాక్స్ చూసి వాతావరణం ఆఫీసు వాళ్లు అడిగింది ఒకటే, కొలిచిందెవరని.

"ముందు ఉప్పలమ్మ, మోచేత్తో. తర్వాత నేను."

"అయితే సరే," అన్నారు వాళ్లు.

మధ్యాహ్నానికి రేడియో మాట మార్చింది. లారీలొచ్చి ఊళ్లు ఖాళీ చేయించాయి. తుఫాను దాటాక రెండ్రోజులు ఫోన్లు పలకలేదు. ఉప్పలమ్మ తిండి మానేసి, తుడిచిన చోటే తుడిచింది. మూడోనాడు ల్యాబులో ఫోను మోగింది.

"అమ్మా, మా వీధిల ఒక్క ఇల్లు మిగల్లే."

"మనుషులు?"

"అందరం ఉన్నం. లారీ ఎక్కినప్పటికంటే ఒకరు ఎక్కువే ఉన్నం. ఆడపిల్ల."

ఉప్పలమ్మ కిందనే కూలబడి, తడి నేల మీదే హాయిగా ఏడ్చింది. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నీళ్లెవరు పోస్తున్నరు?"

"మాతోని బడిల దిగిన ఆడోళ్లే."

"మోచెయ్యి పెట్టి చూస్తున్నరా మరి?" అంది.