చెప్పి పక్కకు జరగడం

భూపాల్ ఇరవై రెండేళ్లుగా గోల్ఫ్ మైదానంలో క్యాడీ. ఆడేవాళ్ల సంచి మోయడం, ఏ దూరానికి ఏ కర్ర తీయాలో చెప్పడం, బంతి ఎటు ఒరుగుతుందో నేల చూసి చెప్పి పక్కకు జరగడం అతని పని. నాచారంలో అతను ఒంటరిగా అద్దెకుండే గల్లీలో మాత్రం ఎవరివో సంచులు మోస్తాడనే అనుకుంటారు. విడమరిచి చెప్పబోయి, ఎవరూ వినకపోతే ఊరుకున్నాడు.

ఉప్పల్ భగాయత్ దాటాక, మూసీ వైపున్న ఆ మైదానంలో కొత్తవాళ్లకు ఆట నేర్పే మనిషి కావాలన్నారు. తొమ్మిది గుంతల్లోనూ బంతి వేయడం నలభై దెబ్బలు దాటకుండా ముగించిన క్యాడీకే ఆ కొలువు. నిరుడు భూపాల్ ప్రయత్నించాడు. అందరికీ దారి చెప్పేవాడు తన బంతి ముందు నిలబడితే ఎటు కొట్టాలో తేల్చుకోలేకపోయాడు. నలభై ఏడు కొట్టాడు. ఇప్పుడు మోకాళ్లు సంచి బరువును తట్టుకోవడం లేదు. ఈసారీ తప్పితే ఇంటికి పోవడమే.

దెబ్బలు రాసుకోవడానికి ఆఫీసు నుంచి ధర్మేందర్ వెంట వచ్చాడు. మొదటి మూడు గుంతలకే పదిహేను అయ్యాయి. నిరుటి తడబాటే.

నాలుగో గుంతకు ఎనిమిది అడుగుల దూరంలో బంతి ఆగింది. భూపాల్ అలవాటుకొద్దీ దాని వెనక గొంతుక్కూర్చుని నేల చూశాడు. పదకొండేళ్లు తాను సంచి మోసిన ఉమామహేశ్వర్ సార్ పోయిన శ్రావణంలో కన్నుమూశాడు. అయినా మాట దానంతటదే వచ్చేసింది.

"సార్, ఎడమకు రెండు వేళ్లు. మూసీ దిక్కు గుంజుతది. జర నెమ్మదిగ."

"నన్నెప్పుడు సార్‌ను చేసినవన్నా?" అన్నాడు ధర్మేందర్.

భూపాల్ లేచి పక్కకు జరిగాడు. తర్వాత, సార్ నడిచే తీరున నిదానంగా బంతి దగ్గరికి వచ్చాడు. చెప్పాల్సింది చెప్పడమైపోయింది. ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. చేతులు తేలిగ్గా ఊగాయి, బంతి గుంతలో పడింది.

మిగతా గుంతలన్నిటా అంతే. చెప్పడం, జరగడం, రావడం. ఎన్ని కొట్టాడో అడగడం కూడా మరిచాడు. చివరి బంతి పడ్డాక, సార్ చేతిలోంచి కర్ర అందుకోవడానికి చెయ్యి చాచాడు. కర్ర తన రెండో చేతిలోనే ఉంది.

ముప్పై తొమ్మిది అన్నాడు ధర్మేందర్. చెయ్యి కలిపి, కాగితం తీసుకుని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

భూపాల్ లాలాపేట్‌లో ఉన్న అక్క కిష్టమ్మకు ఫోన్ చేశాడు. కొలువు దొరికిందనగానే ఆమె సంబరపడింది, ఇక సంచి మొయ్యవా అని అడిగింది. మొయ్యనన్నాడు.

"అక్కా, గిట్ల ఎన్నడు కాలే. నేను కొట్టినట్టే లేదు. చెప్పి పక్కకు జరిగిన, అంతే."

"ఎండల తిరిగితే గట్లనే అనిపిస్తది తమ్మీ. తిన్నవా?"

తిన్నానన్నాడు. ఇంకెవరికైనా చెబుదామని ఫోన్‌లో పేర్లు జరుపుతూ పోయాడు. ఆఖరి పేరు దాకా వచ్చాక ఫోన్ జేబులో పెట్టుకుని గేటు వైపు నడిచాడు.