అటకెక్కిన ఆవిరి మిషను

నేనొక పిరికి మిషన్ని. డాక్టర్లు నెబ్యులైజర్ అంటారు గానీ, కాకినాడలో నన్ను వాడినవాళ్లంతా ఆవిరి మిషననే పిలిచారు. ఆయాసం వచ్చినవాళ్ల ముఖానికి మాస్కు తగిలించి స్విచ్చేస్తే, మందుని పొగమంచులా చేసి ఊపిరితిత్తుల్లోకి పంపిస్తాను. నాకొచ్చిన విద్య అంతే. కరెంటు ఉన్నంతసేపు నా అంతది లేదు, పోయిందంటే వట్టి ప్లాస్టిక్కు డబ్బాని.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో చెప్పి మిమ్మల్ని విసిగించను. నా మొదటి యజమాని అప్పలస్వామి, ముప్పై ఏళ్లు రైసు మిల్లులో ఊక దుమ్ము పీల్చినవాడు. ఒక మధ్యాహ్నం గాలివానలో, ఆయన మాస్కు పెట్టుకుని ఉండగా కరెంటు పోయింది. నేను ఆగిపోయాను. పావుగంటకి కరెంటొచ్చి మళ్లీ గుర్రుమన్నాను గానీ, అప్పటికి పీల్చేవాడు లేడు. నా పిరికితనం ఆనాటిది. ఆయన భార్య కొండమ్మ నన్ను శుభ్రంగా తుడిచి, ఎదురు ఫ్లాటులో ఏడేళ్ల తన్మయికి ఉబ్బసమని తెలిసి, వాళ్లమ్మ హైమకి ఇచ్చేసింది.

రెండేళ్లు సుఖంగానే గడిచాయి. అప్పుడు తన్మయి నాన్న ఫణీంద్ర ఒక పుస్తకం చదివాడు. అమెరికాలో అమిష్ అనే జనం ఉన్నారట. ఇంట్లోకి కరెంటు తీగ రానివ్వరట, గుర్రబ్బండ్ల మీద తిరుగుతారట, అందరూ కలిసి కూర్చుని భోంచేస్తారట. మరి ఈ ఇంట్లోనో, అన్నం ముందు కూడా ముగ్గురూ మూడు ఫోన్లలో తలలు దూర్చేవాళ్లు. "ఒక్క ఏడాది మనమూ అలా బతికి చూద్దాం" అన్నాడు. హైమ సరేనంది.

ఫణీంద్ర ఏదన్నా పట్టాడంటే ఉడుంపట్టే. ప్లగ్గున్న ప్రతిదాన్నీ అట్టపెట్టెల్లో కట్టి అటకెక్కించాడు. మిక్సీ, టీవీ, ఇస్త్రీపెట్టె, ముగ్గురి ఫోన్లు, వాటితోపాటు నేను. నాకూ ప్లగ్గుంది మరి! తన్మయికి నోట్లో పెట్టుకుని నొక్కే మందు పంపు చాలన్నాడు. పాత బిల్డింగు కాబట్టి మీటరు దగ్గర పింగాణీ ఫ్యూజులే ఉండేవి. అవి పీకి కొండమ్మ చేతిలో పెట్టాడు. "మామ్మగారూ, నేను కాళ్లావేళ్లా పడినా ఏడాదిదాకా ఇవి నాకివ్వకండి" అన్నాడు. ఆవిడ ఒట్టేసింది.

నిజం చెప్పొద్దూ, ఇల్లు బాగుపడింది. అష్టాచెమ్మాలో హైమ తొండి చేస్తోందని తండ్రీకూతుళ్లు పోట్లాడుకునే మాటలు అటకమీదికి వినబడేవి. కానీ లాంతరు పొగ కూడా నా పెట్టెదాకా వచ్చేది, దాని వెనకే తన్మయి దగ్గు.

మూడో నెలలో ఒక ఆదివారం పొద్దున్న ఫణీంద్ర దూదిపరుపుని హాల్లో వేసి కర్రతో దులిపాడు. తన్మయి సరదాపడి తనూ నాలుగు బాదింది. కాసేపటికి కింద మాటలు ఆగిపోయి, పిల్లికూతలు మొదలయ్యాయి. అది ఊపిరాడని గొంతు చేసే చప్పుడు. నాకది బాగా తెలుసు.

"ఏవండీ, పంపు రెండు నొక్కులకే అయిపోయింది. ఆవిరి మిషనేది?" అంది హైమ. ఆమె అరవలేదు. అందుకే నాకింకా భయమేసింది.

నన్ను ఏ పెట్టెలో పెట్టాడో ఆయనకి గుర్తులేదు. ఎనిమిది పెట్టెలు, ఒక్కోదానికి నాలుగేసి చుట్లు తాడు. మొదటిదాంట్లో మిక్సీ, రెండోదాంట్లో టీవీ. ఇక్కడున్నానయ్యా అని కేకెయ్యాలనిపించింది, నోరేదీ నాకు! ఐదోదాంట్లో దొరికాను. తీరా కిందికి దించాక కరెంటు లేదన్న సంగతి గుర్తొచ్చింది ఆయనకి.

నన్ను చంకలో పెట్టుకుని ఎదురింటికి పరిగెత్తాడు. "మామ్మగారూ, ఫ్యూజులివ్వండి."

కొండమ్మ నవ్వింది. "ఇవ్వనండి బాబూ. కాళ్లావేళ్లా పడినా ఇవ్వొద్దని మీరే అన్నారు కదండీ. ఒట్టేసేను నేను."

ఫణీంద్ర చంకలోంచి నన్ను తీసి ఆవిడ ముందుకి చాపాడు. అప్పుడు ఆవిడ కళ్లు నా మీద పడ్డాయి. ఆవిడ ముఖంలో నవ్వు చచ్చిపోయింది.

"ఫ్యూజులెందుకండీ, పిల్లని ఇటు తెచ్చెయ్యండి" అంటూ తన ఫ్రిజ్జు ప్లగ్గు పీకి నా వైరు గుచ్చింది. హైమ తన్మయిని ఎత్తుకొచ్చింది. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. మందు పోశారు, మాస్కు పెట్టారు, స్విచ్చేశారు.

నేను కదల్లేదు. నెలల తరబడి తిరగని మోటారు పట్టేసింది. అప్పలస్వామి ముఖం గుర్తొచ్చి చచ్చేంత భయమేసింది నాకు. కొండమ్మ నా నెత్తిన అరచేత్తో ఒక్కటి చరిచింది. గుర్రుమన్నాను. ఆ పావుగంటా కొండమ్మ ప్లగ్గుని గోడకి అదిమి పట్టుకుని, కిటికీలోంచి మబ్బుల వంకే చూస్తూ కూర్చుంది. పిల్లికూతలు సన్నగిల్లాక ఆస్పత్రికి తీసుకెళ్లారు. సాయంత్రం తిరిగొచ్చి తన్మయి ఇడ్లీ కావాలంది.

హైమ ఆ పుస్తకం తిరగేసింది. రోగికి అవసరమైన యంత్రాన్ని అమిష్‌వాళ్లు కాదనరని అందులోనే ఉంది. ఫణీంద్ర అప్పట్లో ఆ పేజీ చదవకుండానే తిప్పేశాడు. ఆమె ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.

టీవీ ఇంకా అటకమీదే ఉంది. నేను మాత్రం హాల్లో బల్లమీద ఉంటున్నాను, నా కోసం ఒక్క ఫ్యూజు వెనక్కొచ్చింది. రోజూ ఆఫీసుకి వెళ్లేముందు, ఎవరికీ ఆయాసం లేకపోయినా, ఫణీంద్ర వచ్చి నా స్విచ్చేస్తాడు. నేను గుర్రుమనేదాకా ఆయన ఊపిరి తీసుకోడు.